నేరమువలన నష్టపడినవారికి ప్రభుత్వ ద్రవ్యసహాయము



కోవెలకుంట్ల ఖజానా పేరు వినఁగానే మన దొర్నిపాడు, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారు జ్ఞప్తికి వత్తురు. తనకు రావలసిన తవర్జీకై మనిషిని పంపఁగా అవమానము జరిగెననియు, 1846లో ఆయన తిరుగుబాటునకు అదియొక కారణమనియు మనవారు చెప్పుకొందురు. హక్కుగా రావలసిన సొమ్మును భిక్షముగా నెంచుట యెంత కష్టమో ఆ కథ తెలుపుచున్నది. నేఁడు నేను ముచ్చటింపఁబోవునదియు అట్టి సొమ్మునుగూర్చియే. ఇది వంశమునుబట్టి వచ్చునది కాదు. నేరమువలన దెబ్బతిని, నిలువ నాధారము లేని సంసారమునకు చట్టము కల్పించినది.

1973వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడులో 357-ఎ అను సెక్షను 2009లో అమలులోనికి వచ్చెను. 2024 జూలై 1వ తేదీనుండి ఆ కోడునకు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత నడచుచున్నది. అందలి 396వ సెక్షను ఈ విషయమునే చెప్పుచున్నది. కోర్టు సిఫారసు చేసినచో, ఎంత సొమ్మీయవలెనో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నిర్ణయించును. ముద్దాయి నిర్దోషిగా విడుదలయైనను కోర్టు సిఫారసు చేయవచ్చును. నేరము చేసినవాఁడెవఁడో తెలియక విచారణయే జరగనిచో, బాధితులుగాని వారిపై ఆధారపడినవారుగాని స్వయముగా అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ సంస్థ రెండు మాసములలో విచారణ ముగింపవలెను. కావున “దొంగ దొరకలేదు, ఇఁక మనకేమి వచ్చును” అని కూర్చుండుట తగదు.

ఐతే ఖజానా సొమ్ము కాగితము లేనిదే కదలదు. మొదటి కాగితము పోలీసు ఠాణాలో వ్రాయఁబడు ప్రథమ సమాచార నివేదిక. దాని నకలును రుసుము లేకుండ ఈయవలెనని చట్టమున్నది. ఠాణా అధికారి వ్రాసికొననన్నచో, ఆ సంగతిని జిల్లా పోలీసు సూపరింటెండెంటుగారికి వ్రాతమూలముగా టపాలో పంపవచ్చును. తరువాత వైద్యుని ధ్రువపత్రము, మరణము సంభవించినచో మరణ ధ్రువపత్రము, శవపరీక్ష నివేదిక, కుటుంబసభ్యులెవరో తెలుపు పత్రము, బాధితుల సొంత పేరుననున్న బ్యాంకుఖాతా వివరములు సిద్ధపఱుచుకొనవలెను. అదే నేరమునకు మఱియొక పద్దుక్రింద సొమ్ము ముట్టియుండినచో దాఁపక చెప్పవలెను.

స్త్రీలకొఱకు 2018లో ప్రత్యేక పథకమొకటి యేర్పడినది. దానిప్రకారము ప్రాణనష్టమునకు 5 లక్షలనుండి 10 లక్షల రూపాయలవఱకు ఈయవచ్చును. నేరము జరిగిన నాఁటినుండిగాని విచారణ ముగిసిన నాఁటినుండిగాని మూఁడేండ్లలో అర్జీ పెట్టవలెను. తగిన కారణమున్నచో ఆలస్యమును మన్నింపవచ్చును. వచ్చిన సొమ్ములో నూటికి 75 వంతులు కనీసము మూఁడేండ్లు బ్యాంకులో డిపాజిటుగా నుండును. 25 వంతులు వెంటనే వాడుకొనవచ్చును. ఇది అపనమ్మకముచేత పెట్టిన కట్టడి కాదు. దుఃఖములో నున్న యింటికి చేరిన సొమ్మునకు చుట్టములును అప్పులవారును వెంటనే చేరుదురు గదా! బుద్ధిపూర్వకముగా అబద్ధపు ఫిర్యాదు చేసిరని తుది తీర్పులో తేలినచో, ఇచ్చిన సొమ్మును తిరిగి రాఁబట్టుదురు.

షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని 1989వ సంవత్సరపు అత్యాచార నిరోధక చట్టముక్రింద వేఱు సహాయము కలదు. 2016లో సవరించిన నిబంధనలప్రకారము నేరమునుబట్టి అది 85,000 మొదలు 8,25,000 రూపాయలవఱకు నుండును. హత్య జరిగినచో శవపరీక్ష పిమ్మట సగము, అభియోగపత్రము కోర్టునకు పోయినప్పుడు సగము ఈయవలెను. దీనికి కుల ధ్రువపత్రము ముఖ్యము.

ఇఁక పెద్దలకు నా మనవి. మన సీమలో రక్తము చిందినప్పుడు “ఠాణాకేల? రాజీ చేసికొందము” అను మాట ముందు పుట్టును. ఊరు చల్లఁబడవలెనన్న కోరిక మంచిదే. కాని ఆ రాజీకై నేరమును మఱుఁగుపఱచినచో నివేదిక లేదు. నివేదిక లేనిదే వితంతువునకును బిడ్డలకును ఈ సొమ్ము చేరు దారి మూసికొనిపోవును. ఊరి శాంతికి వెల కట్టునది ఆ బిడ్డలేనా?

1984లో రద్దగువఱకు ఊరిలో మునసబు, కరణము ఉద్యోగములుండెను. కాగితముల పని వారు చూచెడివారు. నేఁడు ఆ పని చదువు వచ్చిన పెద్దలు చేయవచ్చును. అర్జీ వ్రాసిపెట్టుఁడు, నకళ్లు భద్రపఱుపుఁడు, ఆఫీసునకు తోడుగా పొండు. అర్జీ యిచ్చిన తేదీతో రసీదు తీసికొనుఁడు. సొమ్ము మాత్రము మీ చేతులగుండ పోనీయక, నేరుగా వారి ఖాతాకే చేరనిండు. సందేహము కలిగినచో న్యాయ సేవాధికార సంస్థవారి 15100 నంబరునకు టెలిఫోను చేసిన రుసుము లేకుండ సలహా చెప్పుదురు.

కన్నీరు తుడుచుట ధర్మము. కాగితము సరిచూచుటయు నేఁడు ఆ ధర్మములోని భాగమే. సెలవు.