మన చిరునామా వాళ్ళకెవరిచ్చారు?



పొద్దున్నే పేపరు విప్పితే వార్తలకంటే ముందు ఒళ్ళో పడేవి ప్రకటన కాగితాలు. మధురవాడలో ఫ్లాట్లు, ద్వారకానగర్లో కోచింగులు, ఆషాఢం తగ్గింపు చీరలు. వాటితో నాకు పెద్ద పేచీ లేదు. పేపరబ్బాయికి చెబితే దులిపేసి వేస్తున్నాడు. నేను చెప్పబోయేది మన పేరూ, డోర్ నంబరూ రాసుకుని మరీ వచ్చే కవర్ల సంగతి.

మా మామగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆమధ్య ఆయన పేర ఒక కవరొచ్చింది. లోపల గీకి చూసే కార్డు. గీకితే కారు తగిలింది! ముందుగా పన్ను కింద కొంత సొమ్ము ఫలానా ఖాతాలో వెయ్యాలిట. ఆయన పాస్‌బుక్కు పట్టుకుని చెప్పులేసుకుంటూంటే చూశాను. "ఇంటి నంబరుతో సహా రాశారమ్మా, మోసమెందుకవుతుంది?" అన్నారు. పెద్దాయన, కాదంటే నొచ్చుకుంటారు. ఏం చెప్పాలో తోచక ఆ కవరు తిప్పి చూశాను. ఆయన ఇంటిపేరు అక్షరాలు రెండూ తారుమారుగా ఉన్నాయి. గుండె గతుక్కుమంది. ఎందుకంటే అలా తప్పు రాసింది నేనే! ఎగ్జిబిషన్లో లక్కీ డ్రా చీటీ మీద, ఆయన చెయ్యి మంచిదని ఆయన పేరు పెట్టి, తొందరలో రాశాను. ఆ చీటీ ఎన్ని చేతులు మారిందో మరి.

ఆ మాటే ఆయనతో చెప్పాను. చెప్పులు విప్పేశారు. బహుమతి ఇచ్చేవాడు ముందు డబ్బడగడని అప్పుడు ఒప్పుకున్నారు. ఒకవేళ ఎవరైనా కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోను చెయ్యండి. సైబరు మోసాల ఫిర్యాదులకు పెట్టిన నంబరది. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపే వీలు అంత ఎక్కువ.

అప్పట్నించి మా ఇంట్లో చీటీలు నింపడం మానేశాం. బట్టల కొట్లో బిల్లు వేస్తూ "ఫోన్ నంబరు చెప్పండి మేడం" అంటే, "అక్కర్లేదు బాబూ" అంటున్నాను. కోపగించుకున్నవాళ్ళెవరూ లేరు. అక్కర్లేని కవరొస్తే విప్పకుండా, పైన "తిరస్కరించాను" అని రాసి, సంతకం పెట్టి పోస్ట్‌మాన్‌కే ఇచ్చెయ్యవచ్చు. విప్పామా, ఇక అది మనదే.

ఫోనుకొచ్చే ప్రకటనలకైతే, ఇంగ్లీషులో స్టార్ట్ అని రాసి, కాస్త ఖాళీ వదిలి, సున్నా పెట్టి 1909కి మెసేజి పంపండి. ఆ తర్వాత కూడా వస్తే, వారం లోపల అదే నంబరుకు ఫిర్యాదు చెయ్యవచ్చు. ఇదివరకు మూడు రోజులే గడువుండేది, 2025లో పెంచారు. మెసేజి పంపినవారి పేరు చివర గీత పెట్టి పి అక్షరం ఉంటే అది ప్రకటన అన్నమాట. అయితే ఒక తిరకాసుంది. మనమే ఏ కంపెనీకైనా సమ్మతి ఇచ్చి ఉంటే ఈ అడ్డు వాళ్ళకు వర్తించదు. కూపన్ల అడుగున చీమల బారులా సన్న అక్షరాలుంటాయే, ఆ సమ్మతి చాలాసార్లు అక్కడే ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకోవలసింది అక్కడే.

నిన్న పోస్ట్‌మాన్ మూడు కవర్లు తెచ్చాడు. రెండు మామగారు స్వయంగా సంతకం పెట్టి వెనక్కి ఇచ్చేశారు. మూడోది కూడా ఇచ్చెయ్యబోతూంటే ఆపాను. అది మా మేనత్త మనవడి పెళ్ళి శుభలేఖ!