బెదరింపు మాటలు: ఆంగ్లనిఘంటువునందలి సాక్ష్యము

యావజ్జీవము ఆంగ్లభాషను బోధించి, పుట్టుపూర్వోత్తరములు చెప్పిగాని ఏ పదమునకును అర్థము చెప్పని యొక ఉపాధ్యాయుని పేర నెలకొన్న ఈ స్మారకోపన్యాసమునకు, మనుష్యుని మనుష్యుడు భయపెట్టుటను దెలుపు ఆంగ్లపదములను విషయముగా గైకొంటిని. ఇంటిమిడేట్, డాంట్, కౌ, బ్రౌబీట్, అన్‌నర్వ్, హెక్టర్, డ్రగూన్, బుల్‌డోజ్ అను వీనిలో దేనిని వెదకినను, మన విద్యార్థి చేతనుండు చిన్న నిఘంటువు ‘భయపెట్టు, బెదరించు’ అని చెప్పి ఊరకుండును. ఆ అర్థము తప్పు కాదు. కాని ఎవరు, ఎవరిని, ఏ సాధనముచేత, ఏమి ఆశించి భయపెట్టిరో తెలుపు సాక్ష్యమంతయు అచ్చట లుప్తమగుచున్నది. అది భయపడినవారి సాక్ష్యము గనుక, దానిని పోనీయరాదని నా దృఢమైన యభిప్రాయము.

ఇంటిమిడేట్ అనునది లాటిన్ పుట్టుక గలది; పిరికితనమును ఎదుటివానిలో పుట్టించుట దాని మూలార్థము. ఈ మాట మన దేశమునకు న్యాయస్థానముల ద్వారమున వచ్చినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 503వ సెక్షనులో నేరపూర్వకమైన బెదరింపును నిర్వచించినవారు, శరీరమునకో, ఆస్తికో, కీర్తికో హాని చేసెదనని ఒకనిని భీతిల్లజేయుటను, ఆ భీతిచే వాడు చేయనక్కరలేని పని చేయునట్లో, చేయదగిన పని మానునట్లో చేయబూనుటను నేరముగా నెంచిరి. అంతటితో నాగక, బెదరింపబడినవానికి ఆప్తుడైన మృతుని కీర్తికి భంగము చేసెదననుటయు ఈ నేరమే యని వివరణము చేర్చిరి. 2023 నాటి భారతీయ న్యాయసంహితలో ఇది 351వ సెక్షనైనది. భయమునకు ఎన్ని ద్వారములున్నవో ఆ కొద్ది వాక్యములలో చూచినంత స్పష్టముగా నేను మరియొకచోట చూడలేదు.

తక్కిన పదములు కొన్ని దేహమును ఆశ్రయించినవి. డాంట్ అను మాటకు మూలమైన లాటిన్ ధాతువునకు మృగమును మచ్చిక చేయుట యర్థము. బ్రౌబీట్‌లో ఆయుధము బొమముడియే, చేయి యెత్తనక్కరలేదు. కౌ అను క్రియకు ఆవుతో సంబంధము లేదు; అణచివేయుట యను అర్థముగల ప్రాచీన నార్సు ధాతువునుండి వచ్చినదని పండితుల ఊహ. అన్‌నర్వ్‌లోని ‘నర్వ్’ మొదట నేటి నాడి కాదు, స్నాయువు. దాని లాటిన్ మూలమునకు వింటినారి యనియు అర్థము కలదు. భయముచే గాక విషాదముచేతనే యైనను, కురుక్షేత్రమున అర్జునుని చేతినుండి గాండీవము జారిన క్షణమును తలచుకొన్నవారికి ఈ మాట వేరుగా బోధింపనక్కరలేదు.

హెక్టర్ కథ మిక్కిలి శోచనీయమైనది. హోమరు ఇలియడ్ ఆరవ సర్గమున, యుద్ధమునకు మరలబోవుచు ఈ ట్రాయ్ వీరుడు భార్యను చూడవచ్చి, దాది చంకనున్న పసివానికై చేతులు చాచును. తండ్రి శిరస్త్రాణముపై ఊగులాడు గుఱ్ఱపువెండ్రుకల కుచ్చును చూచి శిశువు బెదరి కెవ్వుమనును, తలిదండ్రులిరువురును నవ్వుదురు, అంతట హెక్టర్ ఆ శిరస్త్రాణమును తీసి నేలనుంచి, బిడ్డ నెత్తుకొని ముద్దాడును. బిడ్డ భయము తీర్చుటకై యుద్ధవేషమును విప్పిన ఆ మహానుభావుని పేరును పదునేడవ శతాబ్దమున లండను వీథులలో తిరుగు దుండగులు తమకు తగిలించుకొనగా, అది క్రియయై, కేకలువేసి ఇతరులను లొంగదీయుట యను అర్థమున నేటికిని నిలిచినది. ఒక సత్పురుషునికి భాష చేసిన ఇంతటి యన్యాయము నాకు మరియొకటి తోచదు.

డ్రగూన్ అనగా తుపాకి ధరించిన ఆశ్వికుడు. 1681లో ఫ్రాన్సుదేశపు పొయితూ ప్రాంతమున, పదునాలుగవ లూయీ ప్రభుత్వము ప్రొటెస్టెంటుల యిండ్లలో ఈ సైనికులను బసచేయించినది. వారు ఆ గృహస్థుని ధాన్యము తినిరి, సామగ్రి ధ్వంసము చేసిరి, నిద్ర పట్టకుండ రాత్రులు డప్పులు మ్రోయించిరి. మతము మార్చుకొంటినని ఇంటివారు చెప్పినచో బస యెత్తివేయబడెడిది. 1685లో, ప్రొటెస్టెంటులకు మతస్వాతంత్ర్యము నొసగిన నాంట్ శాసనము రద్దుకాగా వేలకొలది కుటుంబములు ఇంగ్లండు మొదలైన దేశములకు పారిపోయినవి. ఆ దశాబ్దముననే డ్రగూన్ అను నామవాచకము ఆంగ్లమున క్రియయైనది. నేడు ఇష్టములేని పనికి మిత్రుని లాగుకొనిపోవుటకును ఆ మాటయే వాడుదురు.

బుల్‌డోజ్ విషయమున మరుపు ఇంతకంటె ఘోరము. అమెరికాలో 1870 నాటి పదునైదవ సవరణము నల్లజాతివారి వోటుహక్కునకు రక్షణమిచ్చినది. 1876 అధ్యక్ష ఎన్నికల వేళ, లూయీసియానా రాష్ట్రమున శ్వేతజాతి ముఠాలు రాత్రివేళ వారి గుడిసెలపై బడి, వోటు వేయరాదని కొరడాలతో కొట్టినవి, చంపినవి. ఎద్దునకు తగిన మోతాదులో దెబ్బలు అని యర్థము వచ్చునట్లు ఆ కృత్యమునకు పెట్టిన పేరే ఇది; ఆ యేటి పత్రికలలోనే ఈ మాట కనబడుచున్నది. ఆ రాష్ట్రపు ఫలితము వివాదగ్రస్తమై, పదునైదుగురు సభ్యుల సంఘము ఎనిమిదికి ఏడు వోట్లతో దానిని అధ్యక్షపదవి అభ్యర్థులలో నొకడైన హేస్‌కు చేర్చినది. 1877లో సమాఖ్యసైన్యము వెనుకకు తీయబడగా, దెబ్బలు తిన్నవారికి దిక్కు లేకపోయినది. మట్టిని త్రోయు యంత్రమునకు ఆ పేరు చేరినది అటుపిమ్మట అర్ధశతాబ్దమునకు. మన పల్లెలలో నేడు బుల్‌డోజరన్న మాట నెరుగని బాలుడు లేడు. దాని వెనుకనున్న కొరడా నెరిగిన పట్టభద్రుడును అరుదు.

కావున నిఘంటుకర్తలకు నా విన్నపమొక్కటి. ఇకమీద కూర్పబోవు ఆంగ్లాంధ్రనిఘంటువులలో, బుల్‌డోజ్ అను పదమునెదుట యంత్రమును రెండవ యర్థముగా నుంచి, మొదటి యర్థముగా ‘వోటరును కొరడాతో కొట్టి బెదరించు’ అని వ్రాసి, ప్రక్కన లూయీసియానా, 1876 అని చేర్చవలయును. ఒక్క పంక్తి పట్టును.