కాన్పుకు ముందు ఒక సంతకం



హోసూరు చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ ఊళ్ళలో తెల్లవారుజామున రోడ్డు మీదికి వస్తే, కంపెనీ బస్సుల కోసం నిలబడ్డ ఆడపిల్లలు కనబడతారు. మెడలో కార్డు, చేతిలో టిఫిను డబ్బా. అలా పదకొండేళ్ళు బస్సెక్కిన ఒక అమ్మాయి, భర్తను వెంటబెట్టుకొని, ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. ఆమెకు 31 ఏళ్ళు. పెళ్ళయిన ఏడేళ్ళకు కడుపు పండింది. ఆరో నెల నడుస్తోంది. చేతిలో ఒక కాగితం ఉంది. తమంతట తాము ఉద్యోగం వదులుకునేవారికి 5 లక్షల రూపాయలు ఇస్తామనీ, 15 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలనీ అందులోని సారాంశం. దీన్నే స్వచ్ఛంద పదవీ విరమణ అంటారు. వాడుకలో వీఆర్ఎస్.

"ఎట్లాగూ కాన్పయితే మానుకోవలసిందే కదా, ఇప్పుడే మానుకుంటే డబ్బయినా వస్తుందని మా అత్త అంటోంది. ఏం చెయ్యమంటావు మామా?" అని అడిగింది. భర్త ఏమీ అనలేదు. 5 లక్షలు ఒక్కసారిగా చూసిన ఇల్లు కాదు వాళ్ళది.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ లెక్కలు చూసినవాణ్ణి. అందుకే నా దగ్గరికి వచ్చారు. ఇలాంటి కాగితం రేపు మీ ఇంటికీ రావచ్చు. ఆ రాత్రి మేము ముగ్గురమూ కూర్చుని వేసిన లెక్క మీకూ చెబుతాను. పెన్సిలూ కాగితమూ దగ్గరుంటే తీసుకోండి.

ముందుగా కాగితం సంగతి. అది ఇంగ్లీషులో ఉంది. సూపర్‌వైజరు దాన్ని తమిళంలో చదివి చెప్పాడు. ఈమె ఇంటికి వచ్చి తెలుగులో చెప్పింది. "గ్రాట్యుటీతో కలుపుకొని" అన్న ముక్క ఇంగ్లీషులో ఉన్నది కాస్తా తమిళంలో జారిపోయింది, తెలుగులోకి రానేలేదు. సరిహద్దుల్లో బతికే మనకు ఇది కొత్త కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, ఆఫీసు కాగితంలో ఇంకొకటి. బళ్ళారిలోనైనా, రాయగడలోనైనా, నాందేడులోనైనా ఇదే తంతు. కాబట్టి మొదటి మాట ఇది. కాగితం నకలు ఇంటికి తెచ్చుకోండి. ఆ భాష బాగా వచ్చినవారి చేత అక్షరం వదలకుండా చదివించుకోండి.

ఇక లెక్క. ఈమె జీతం, మూలవేతనమూ కరువు భత్యమూ కలిపి, నెలకు 24,000 అనుకుందాం. 1972 నాటి చట్టం పెట్టిన పద్ధతిలో గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కించి. 11 ఏళ్ళకు సుమారు 1,52,000 అవుతుంది. అయిదేళ్ళ సర్వీసు నిండిన మనిషి ఎప్పుడు వెళ్ళినా ఇది ఆమెదే. ఎవరూ కొత్తగా ఇచ్చేది కాదు. 5 లక్షల్లో అది తీసేస్తే మిగిలేది 3,48,000.

ఇప్పుడు ప్రసూతి సెలవు. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు చేశారు. 2020లో వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే ఉంది. కాన్పుకు ముందటి ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. ఇందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి ఆ డబ్బు యజమాని బదులు ఇ.ఎస్.ఐ. ఇస్తుంది. దాని నియమాలు వేరు, ఆ ఆఫీసులోనే అడిగి తెలుసుకోవాలి. ఈమెకు ఇ.ఎస్.ఐ. లేదు. 26 వారాలంటే ఆరు నెలలు, 1,44,000 రూపాయలు.

అసలు మెలిక ఇక్కడుంది. కడుపుతో ఉన్నదాన్ని యజమాని పనిలోంచి తీసేసినా, ఆమెకు రావలసిన ప్రసూతి డబ్బు పోకుండా చట్టం కాపాడుతుంది. తానే "నా ఇష్టప్రకారం వెళుతున్నాను" అని సంతకం పెడితే ఆ కాపుదల ఆమెకు దొరకదు. "స్వచ్ఛందం" అన్న మాట బరువు అదీ. 3,48,000లోంచి ఈ 1,44,000 కూడా తీసేయండి. మిగిలింది 2,04,000. అంటే ఎనిమిదిన్నర నెలల జీతం. పదకొండేళ్ళ ఉద్యోగానికి అసలు వెల అది.

"సరే మామా, సంతకం పెట్టకపోతే రేపు వాళ్ళే తీసేస్తేనో?" అని అప్పుడు భర్త నోరు విప్పాడు. మంచి ప్రశ్న. పని తగ్గిందని కార్మికుల్ని తొలగిస్తే, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నుంచీ ఉన్న లెక్క ఏడాదికి 15 రోజుల సగటు జీతం. 11 ఏళ్ళకు అయిదున్నర నెలలు, సుమారు 1,32,000. దానికి ప్రసూతి డబ్బు కలిపితే 2,76,000. వీఆర్ఎస్ కంటే 72,000 తక్కువ. ఉండిపోతే పోయేది, పోయినా, అంతే. పోకపోతే ఉద్యోగమే మిగులుతుంది.

అయితే రెండోవైపు కూడా చెప్పాలి. కంపెనీ నిజంగా మునిగిపోతూంటే, చట్టం రాసిచ్చిన డబ్బయినా చేతికి రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. చేతిలో పడే 5 లక్షలు అప్పుడు మేలు. కడుపుతో ఉన్నామె ఒంట్లో బాగాలేక డాక్టరు పని వద్దంటే, ఇంట్లో బిడ్డను చూసేవారు ఎవరూ లేకపోతే, లెక్క మారుతుంది. జీతాలు నెలనెలా సరిగ్గా పడుతున్నాయా, ప్రావిడెంటు ఫండు ఖాతాలో జమ అవుతోందా, కొత్త ఆర్డర్లు వస్తున్నాయా, ఈ మూడూ కనుక్కుంటే కంపెనీ నాడి కొంత తెలుస్తుంది.

ఆ డబ్బు సంగతీ ఆలోచించాలి. నెలజీతాన్ని ఎవరూ అడగరు. 5 లక్షలు వచ్చాయంటే మరిది ఆటో, మామగారి పాత అప్పు, ఇంటి పైకప్పు, అన్నీ ఒకేసారి గుర్తుకొస్తాయి. బిడ్డ నడక నేర్చే సరికి ఆ డబ్బు ఇంట్లో ఉంటుందా అని ఆలుమగలిద్దరూ ముందే మాట్లాడుకోవాలి.

మరునాడు ఆ అమ్మాయి ఒక అర్జీ రాసింది. ప్రసూతి సెలవు ముగిసిన తరువాతి తేదీ నుంచి విరమణ ఇప్పిస్తే తాను ఒప్పుకుంటానని. నోటితో అడగలేదు, రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకుంది. కుదరదని జవాబు వచ్చింది. ఆమె సంతకం పెట్టలేదు.

ఆడపిల్ల పుట్టింది. కుప్పం దగ్గర పుట్టింట్లో మూడో నెల బాలింతగా ఉంది. కంపెనీ ఇంకా నడుస్తోంది. వచ్చే ఏడు నడుస్తుందో లేదో నేను చెప్పలేను, ఆమే చెప్పలేదు. కానీ నెల మొదట్లో జీతం పడిందని మొన్న ఫోనులో చెప్పింది.

ఆమె నిర్ణయమే అందరికీ సరిపోతుందని అనడం లేదు. మీ జీతం వేరు, మీ సర్వీసు వేరు, మీ ఇల్లు వేరు. నేను చెప్పిన అంకెలు తీసేసి మీ అంకెలు వేసుకోండి. ఇచ్చిన 15 రోజుల్లో 14 రోజులు అడగడానికీ, లెక్క వేయడానికీ వాడుకోండి. సంతకానికి ఒక్క నిమిషం చాలు.