మన రక్తంలోని కొడవలి

 

చలిజ్వరం మన కొండలకు కొత్త కాదు. మైదానం వాళ్లు దానికి మన్యం జ్వరమని పేరే పెట్టారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది 1897లో, సికింద్రాబాద్‌లోనే. అయితే ఒకే ఇంట్లో, అవే దోమల మధ్య పెరిగిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి జ్వరం తలకెక్కి ఫిట్స్ వస్తాయి. ఇంకొకరు నాలుగు రోజుల్లో లేచి ఆడుకుంటారు. ఎందుకు? దీనికి కొంత జవాబు రక్తంలోనే ఉంది.

ఎర్రరక్తకణంలో హిమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారితే సికిల్ హిమోగ్లోబిన్ అవుతుంది. ఆ మార్పు అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వస్తే ఆ బిడ్డ వాహకుడు, రోగి కాదు. అతని రక్తకణాల్లో మలేరియా క్రిమి సరిగా పెరగలేదు. వాహకులకు మలేరియా నుంచి రక్షణ ఉందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. అక్కడి పిల్లల్లో వాహకులకు ప్రాణాంతక మలేరియా ముప్పు దాదాపు 90 శాతం తక్కువని తర్వాత తేలింది. మలేరియా ఉన్నచోట ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది అందుకే. మన ఏజెన్సీలోనే కాదు, అరబ్ దేశాల్లో, గ్రీసులో కూడా ఉంది. ఇది శాపం కాదు, చేతబడి కాదు, మన తెగలకు తక్కువతనమూ కాదు.

కానీ ఇద్దరి నుంచీ వస్తే అది సికిల్ సెల్ జబ్బు. కణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. విపరీతమైన నొప్పులు, రక్తహీనత, పచ్చబడిన కళ్లు. ఆ బిడ్డకు మలేరియా సోకితే ప్రాణం మీదికి వస్తుంది. వాహకులిద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికంలో ఇద్దరూ వాహకులయ్యే వీలు ఎక్కువ.

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయడం దాని లక్ష్యం. పెళ్లి మాటలకు ముందే మనం పరీక్ష చేయించుకుందాం, కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకుందాం. వాహకురాలని పిల్లను వెనక్కి పంపడానికి కాదు ఈ కార్డు. మామూలు హిమోగ్లోబిన్ ఉన్నవారిని చేసుకుంటే ఆమె పిల్లలకు ఈ జబ్బు రాదు.

వాహకులమని దోమతెర తీసేయొద్దు. ముప్పు తగ్గుతుందే గాని పోదు. బిడ్డకు జ్వరమొస్తే దిసారిని అడగండి, తప్పులేదు. కానీ ముందు, ఆ రోజే, ఆశా కార్యకర్త దగ్గర వేలి రక్తం పరీక్ష చేయించండి.

జై ఆదివాసీ!