జబ్బులు రెండు, ఒళ్లు ఒక్కటే



ఉట్నూరు నుంచి, భద్రాచలం నుంచి వచ్చి ఈ శంషాబాద్ చుట్టుపక్కల పని చేసుకుంటున్న మీతోని ఈ రోజు చలిజ్వరం గురించి, కడుపుల నట్టల గురించి మాట్లాడాలె.

2008 మార్చిలో ఈ ఎయిర్‌పోర్టు తెరిచేదాక విమానాలు బేగంపేటలోనే దిగేటివి. ఆ పాత విమానాశ్రయం దగ్గరే ఒక బంగ్లా ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది అక్కడే. అయినా మన గూడేలను చలిజ్వరం ఇంకా పూర్తిగా వదల్లేదు.

మన పిల్లల ఒంట్లో చాలాసార్లు మలేరియా, నట్టలు రెండూ కలిసే ఉంటయి. మలేరియా క్రిమి కంటికి కనిపించనంత చిన్నది, ఎర్ర రక్తకణంలో దాక్కుంటది. దాన్ని ఒళ్లు వేగంగా, గట్టిగా కొట్టాలె. నట్ట పెద్దది, దాన్ని రక్తకణాలు మింగలేవు. అందుకే ఒళ్లు దానిమీద వేరే రకం పోరాటం చేస్తది. ఏండ్ల తరబడి బతకడానికి నట్ట మన రోగనిరోధక శక్తిని జోకొడతది. ఆ జోల మలేరియా మీది పోరాటానికి కూడా తగులుతది.

దాంతో ఏమైతది? ఆఫ్రికా, ఆసియా దేశాల పరిశోధనలు ఒక్క మాట చెప్పలేదు. కొన్నిచోట్ల నట్టలున్నోళ్లకు మలేరియా ఎక్కువ వచ్చింది. కొన్నిచోట్ల మెదడుకెక్కే మలేరియా తగ్గింది. ఎందుకంటే ఒళ్లు మరీ రెచ్చిపోయినా ప్రమాదమే.

"అట్లయితే నట్టలు ఉండనియ్యి" అనుకోకుండ్రి. కొంకిపురుగు పేగుల్లో రక్తం తాగుతది. మలేరియా రక్తకణాలను పగలగొడతది. రెండూ కలిస్తే బిడ్డ ఒంట్లో, గర్భిణి ఒంట్లో రక్తం మిగలదు. ఇందులో అనుమానం లేదు.

2015 నుంచి ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తున్నరు. ఊరికి ఫోన్ చేసి పిల్లలకు వేయించమనుండ్రి. కానీ ఆ గోలీతో మలేరియా పోదు. జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించాల్సిందే. గర్భిణులు డాక్టర్‌ని అడిగే గోలీ వేసుకోవాలె. కొంకిపురుగు ఎక్కువగా ఒట్టి కాళ్ల నుంచి ఎక్కుతది కాబట్టి చెప్పులు, మరుగుదొడ్డి కూడా మందులే.

ఇక్కడ మీకు జ్వరమొస్తే "మాది ఏజెన్సీ, మొన్ననే ఊరికి పోయొచ్చిన" అని డాక్టర్‌కు ముందే చెప్పుండ్రి. సిగ్గుపడకుండ్రి. ఆ ఒక్క మాటతో మలేరియా పరీక్ష గుర్తుకొస్తది. మన ఊళ్లల్ల కూడా దోమతెర ఒకరు, నట్టల గోలీ ఒకరు ఇచ్చి పోతే సరిపోదు. జ్వరం చూసినోళ్లే రక్తం ఎంతుందో కూడా చూడాలె. మనం అడగాల్సింది గదే.

జోహార్!