మొదట ఎవరి మాట వినవలెను?
(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగము)



గ్రామమున అంటరానితనము ఉన్నదా, లేదా అను విచారణ వచ్చినప్పుడు మనము మొదట ఎవరిని అడుగుచున్నాము? నేను ఒక గ్రామసభలో చూచిన సంగతి మనవి చేసెదను. టీ దుకాణములో రెండు విధముల గ్లాసులు వాడుచున్నారని ఫిర్యాదు వచ్చినది. ముందు వరుసలోని పెద్దలు ఒకరి తరువాత ఒకరు లేచి, "మా ఊరిలో అట్టి భేదమేమియు లేదు, అందరము అన్నదమ్ములవలె ఉన్నాము" అనిరి. వారు అబద్ధమాడిరని నేననను. వారికి ఎవరును ఎన్నడును వేరు గ్లాసు ఇచ్చియుండలేదు. కనుక అది వారి కంట పడలేదు. ఆ గ్లాసు పట్టినవారు గుమ్మమువద్ద నిలిచియుండిరి. వారిని ఎవరును అడుగలేదు. ఫిర్యాదు నిరాధారమని పుస్తకమున వ్రాసి సభ ముగించిరి. నేనును ఆనాడు నోరు మెదపలేదు. ఆ తప్పు నన్ను నేటికిని బాధించుచున్నది.

ఒడ్డున నిలిచినవానికి నీటిలోతు తెలియునా?

మహారాష్ట్రలోని మహాడ్ పట్టణమున చవదార్ చెరువు కలదు. ప్రజాధనముతో ఏర్పడిన చెరువులు, బావులు అందరికిని తెరువవలెనని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించినది. 1924లో ఆ పట్టణపు పురపాలక సంఘమును అట్లే తీర్మానించినది. తీర్మానము కాగితముపై నిలిచినది. దళితులకు మాత్రము నీరు అందలేదు. 1927 మార్చి 20వ తేదీన డాక్టర్ అంబేద్కర్ నాయకత్వమున వారు నడచి వెళ్ళి ఆ నీరు త్రాగిరి. అందుకు వారిని కొట్టిరి. చెరువునకు శుద్ధి జరిపిరి. వారిని నిషేధించు ఆచారము రుజువు కాలేదని బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పుటకు 1937వ సంవత్సరము రావలసివచ్చినది. అడ్డు ఎక్కడ నున్నదో తీర్మానించినవారికంటె దప్పిగొన్నవారికే బాగుగా తెలిసినది.

రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. 1955, 1989 సంవత్సరముల చట్టములు శిక్షలు విధించినవి. 1993లో అమలునకు వచ్చిన 73వ సవరణ షెడ్యూల్డు కులములకు, తెగలకు, స్త్రీలకు పంచాయతీలలో స్థానములు కల్పించినది. కుర్చీ వేసి మాట వినకున్న ఆ స్థానమునకు అర్థమేమి?

"అట్లయిన తక్కినవారు మాటాడరాదా?" అని మీరు అడుగవచ్చును. తప్పక మాటాడవలెను. బాధ ఏమిటో చెప్పుట అనుభవించినవారి వంతు. దానిని మాన్పుట అందరి వంతు. విన్నదెల్ల విచారింపక నమ్ముడని నేను కోరుటలేదు. మొదట వినుడు, పిదప విచారింపుడు.

ఇందుకు మీరు చేయదగిన పనులు నాలుగు కలవు. ఫిర్యాదు చేసినవారిని, అందును స్త్రీలను, ముందుగా పలుకనిండు. వారి వాడకే పోయి వినుడు. పెద్దల ఎదుట రాని మాట అచ్చట వచ్చును. వారు చెప్పినది చెప్పినట్లు పుస్తకమున వ్రాయింపుడు. నేరమును రచ్చబండపై రాజీతో మాపక అధికారులకు తెలియజేయుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. నిజము చెప్పిన కూలివానికి మరునాడు పని దొరకకపోవచ్చును. అతనికి ఆ కూలి పోకుండ చూచుట మీ బాధ్యత. ఆ ధైర్యము మీరు ఇచ్చిననాడే గుమ్మమువద్ద నిలిచినవారు లోనికి వచ్చి మాటాడుదురు.