పాత హెడ్‌ఫోను, కొత్త హెడ్‌ఫోను, నా చెవి

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా ఏలూరులో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనమంతా కలుసుకుంటాం. 1982లో ఇదే తేదీన నకారా గారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటాం. పింఛను దయతో వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు మనకు చెప్పింది. డి.ఎ. బకాయిల గురించి నాకన్న ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "మీరు కాస్త తేలికైన విషయం చెప్పండి, భోజనాల వేళ అవుతోంది" అన్నారు. అందుకని హెడ్‌ఫోన్ల గురించి చెబుతాను. నవ్వకండి. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన గుమాస్తాకు హెడ్‌ఫోన్లతో పనేమిటని మీకు అనిపించవచ్చు. ఫైలు రాసిన పద్ధతిలోనే విన్నవించుకుంటాను. పూర్వ చరిత్ర ముందు, విచారణ తర్వాత, సిఫారసు చివర.

పూర్వ చరిత్ర తాడేపల్లిగూడెంలో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషువారు అక్కడ విమానాల కోసం రన్‌వే వేసిన సంగతి మీకందరికీ తెలిసిందే. యుద్ధం అయిపోయాక మిలటరీ సామాను డిస్పోజల్ సరుకుగా బజార్లకు వచ్చింది. గూడెంలో ఉండే మా మేనమామ అలాంటి సరుకులో ఒక హెడ్‌ఫోను కొన్నాడు. ఇనుప తలపట్టీ, నల్లటి బేకలైటు చిప్పలు, గుడ్డ చుట్టిన తీగ. మెత్త అనేది లేదు. అరగంట పెట్టుకుంటే చెవులు ఎర్రగా కందిపోయేవి. దాన్ని తన వాల్వు రేడియోకు తగిలించి, ఇంటిల్లిపాదీ నిద్రపోయాక వినేవాడు.

నాకప్పుడు పదేళ్ళు. 1960 ప్రాంతం. వేసవి సెలవులకు వెళితే, విజయవాడ కేంద్రం నుంచి నాటకం వచ్చే రాత్రి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పట్టీని విడదీసి ఒక చిప్ప తన చెవికి, రెండో చిప్ప నా చెవికి ఆనించేవాడు. ఇద్దరి తలలూ ఆనుకుని ఉండేవి. ఆయన నవ్వితే నా తల కదిలేది. అదండీ నా మొదటి హెడ్‌ఫోను.

అందులో ధ్వని ఎలా ఉండేదంటే, నూతిలోంచి ఎవరో మాట్లాడినట్టు. కారణం ఉంది. ఆ రకం హెడ్‌ఫోనులో ఒక అయస్కాంతం, దాని మీద తీగచుట్ట, ఎదురుగా పల్చని ఇనుప రేకు ఉంటాయి. తీగలో విద్యుత్తు మారినప్పుడల్లా రేకు అదురుతుంది. మనిషి గొంతు పలికే మధ్య స్థాయి మాత్రమే అందులో బాగా వస్తుంది. మృదంగం తొప్పి వైపు మోత, తాళం చివరి ఝంకారం రావు. యుద్ధంలో ఆజ్ఞలు వినడానికి చేసిన వస్తువు, సంగీతానికి కాదు. మెత్తగా ఉండడానికీ కాదు.

సంగీతానికి పనికివచ్చే హెడ్‌ఫోనుకు దారి వేసింది 1937లో జర్మనీలో బేయర్ అనే ఆయన కంపెనీ చేసిన డి.టి. 48. ఇనుప రేకు బదులు, తేలికైన పొరకు తీగచుట్టను అంటించి అదే కదిలేలా చేశారు. 1958లో అమెరికాలో జాన్ కాస్ అనే ఆయన రెండు చెవులకూ వేరువేరు ధ్వని ఇచ్చే స్టీరియో హెడ్‌ఫోను తెచ్చాడు. 1968లో సెన్‌హైజర్ కంపెనీ హెచ్.డి. 414 అనేది విడుదల చేసింది. అంతకు ముందువి చెవిని మూసేసేవి. ఇది వెనుకవైపు తెరిచి ఉంటుంది. పసుపుపచ్చ స్పాంజి మెత్తలు, తేలికపాటి ప్లాస్టిక్ పట్టీ. పాట వినపడుతుంది, ఇంట్లో కుక్కరు కూతా వినపడుతుంది.

ఆ పసుపుపచ్చ హెడ్‌ఫోను మా ఇంటికి 1980లో వచ్చింది. కువైట్‌లో పనిచేసే మా బావమరిది తెచ్చాడు. టేప్ రికార్డరు కూడా తనదే. రాత్రి ఆఫీసు నుంచి వచ్చి, భోజనం చేసి, ఘంటసాల వారి పాట ఒకటి విని పడుకుంటే మర్నాడు ఎన్ని ఫైళ్ళయినా భయం వేసేది కాదు. మా ఇంటావిడ పక్క గదిలోంచి "ఏమండీ" అంటే వినపడేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

ఇక విచారణ. 2023 సంక్రాంతికి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మనవడు రెండు కొత్త హెడ్‌ఫోన్లు తెచ్చాడు. ఒకటి సెన్‌హైజర్ వారిదే, హెచ్.డి. 650. అదీ వెనుక తెరిచి ఉండే రకమే. ధర చెబితే నేను లెక్క వేసుకున్నాను. 1972లో నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది జీతమంతా కలిపినా దానికి చాలదు. రెండోది తీగ లేనిది, చెవిని పూర్తిగా మూసేది, బయటి రొదను తగ్గించేది. దాని కంపెనీ పేరు అనవసరం.

ఈ రొద తగ్గించే విద్య వెనుక మన భారతీయ మూలాలున్న మనిషి ఉన్నాడు. బెంగాల్ నుంచి వెళ్ళిన స్వాతంత్ర్య యోధుడి కొడుకు అమర్ బోస్. 1978లో విమానంలో వస్తూ, ఇంజను మోతలో పాట సరిగా వినపడక, ఆ మోతనే మోతతో కొట్టవచ్చు కదా అని ఆలోచించాడు. బయటి శబ్దాన్ని చిన్న మైకు పట్టుకుంటుంది. దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని యంత్రం పుట్టిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆయన కంపెనీ 1989లో విమాన చోదకులకు, 2000 నుంచి మామూలు ప్రయాణికులకు వీటిని అమ్మింది. ఫ్యాను, ఇంజను వంటి ఎడతెగని మోతల మీద ఇది బాగా పనిచేస్తుంది.

మావాడు "తాతయ్యా, మీ పాతదీ నా కొత్తవీ పోటీ పెడదాం" అన్నాడు. వాడొక మంచి సంగతి చెప్పాడు. ధ్వని కాస్త ఎక్కువగా ఉన్నదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుందట. అందుకని అన్నింటినీ ఒకే మోతాదుకు తెచ్చి పెట్టాడు. పాతదానికి 2000 ఓముల నిరోధం. సెల్‌ఫోనుకు తగిలిస్తే గుసగుసలాడినట్టుంటుంది. 300 ఓముల కొత్తదానికీ చిన్న ఆంప్లిఫయరు కావలసి వచ్చింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, ఘంటసాల వారి పాట, ఈ కాలపు రికార్డింగు ఒకటి, మూడూ విన్నాం.

సుఖం విషయంలో తీర్పు సులువుగానే వచ్చింది. యుద్ధకాలపుది పెట్టెలోంచి తీసి చూపించి మళ్ళీ పెట్టేశాను. పసుపుపచ్చది అన్నిటికన్న తేలిక, కాని చెవి మీద ఆనుతుంది. పైగా స్పాంజి పొడిపొడి అయిపోతే మార్పించవలసి వచ్చింది. హెచ్.డి. 650 బరువు 260 గ్రాములు. అయినా మెత్తలు చెవి చుట్టూ కూర్చుంటాయి గనుక బరువు తెలియదు. కాకపోతే కొత్తలో గట్టిగా బిగుస్తుంది, కళ్ళజోడు పుల్లలు కణతలకు ఒత్తుకుంటాయి. మనందరికీ కళ్ళజోళ్ళే కదా. మూసే రకానికి తోలులాంటి మెత్తలు. మన ఏలూరు ఉక్కలో పావుగంటకే చెవులు చెమటతో తడిసిపోతాయి.

ధ్వని దగ్గర మాత్రం చిక్కొచ్చింది. మావాడు "కొత్తదాంట్లో తాళం ఎంత స్పష్టంగా ఉందో చూశారా" అన్నాడు. నాకు పాతదానికీ దానికీ పెద్ద తేడా తెలియలేదు. ఘంటసాల వారి పాత రికార్డింగులో కొత్తది గరగర కూడా చూపిస్తోందని మావాడన్నాడు. ఆ గరగరా నాకు వినపడలేదు. "పాతకాలం వస్తువుల్లో ఉన్న సత్తా అది" అని గెలిచినట్టు మీసం దువ్వాను.

కనుమ మర్నాడు కొల్లేరు చూపిద్దామని వాణ్ణి కైకలూరు దగ్గర ఆటపాకకు తీసుకెళ్ళాను. గూడబాతులు చెట్ల నిండా ఉన్నాయి. పడవలో వెళుతుండగా మావాడు "అదిగో తాతయ్యా, లకుముకి పిట్ట ఎంత సన్నగా కూస్తోందో" అన్నాడు. నీలంగా మెరిసి వెళ్ళడం చూశాను. కూత వినలేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కూసిందన్నాడు. నాకు పడవ నీటిని కోసే చప్పుడు తప్ప ఏమీ లేదు. చిన్నప్పుడు కాలవ గట్టున రోజూ విన్న కూత అది. అప్పుడు తెలిసింది. పోటీలో ఓడింది కొత్త హెడ్‌ఫోను కాదు, నా చెవి.

ఏలూరులోనే వినికిడి పరీక్ష చేయించుకున్నాను. అక్కడా నెత్తిన హెడ్‌ఫోనే పెట్టారు! 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కొక్క స్వరం వినిపించి, వినపడితే మీట నొక్కమన్నారు. కాగితం మీద గీత మొదట బాగానే సాగి, రెండు వేలు దాటాక మెట్లు దిగినట్టు దిగిపోయింది. వయసుతో మొదట పోయేది ఈ పై స్వరాలేనట. తాళం మోగే చోటు అదే, పిట్ట కూసే చోటు అదే. "స", "త", "క" వంటి అక్షరాల స్పష్టత ఉండేదీ అక్కడే. అందుకే మన వయసువాళ్ళం "మాట వినపడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటాం. అంత ఖరీదైన హెడ్‌ఫోను ప్రత్యేకంగా ఇచ్చేదంతా నా చెవి పుచ్చుకోలేని భాగంలోనే ఉంది. అరవై దాటినవారిలో నాలుగో వంతుకు పైగా ఇబ్బంది కలిగించేంత చెవుడు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఈ హాలులో ఎంతమందిమో లెక్క వేసుకోండి.

వినికిడి యంత్రం పెట్టుకోమన్నారు. నేను వాయిదా వేశాను. ఎందుకో నిజం చెప్పేస్తాను. సిగ్గు. కళ్ళజోడుకు లేని సిగ్గు చెవి యంత్రానికి ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. యంత్రానికి బదులు, మావాడు వదిలి వెళ్ళిన రొద తగ్గించే హెడ్‌ఫోను పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఫ్యాను మోత ఉండదు, వీధి గోల ఉండదు. కాస్త మోత పెంచితే పాట బాగానే అందేది. ఎవరితోనూ "ఏమిటీ, ఏమిటీ" అనవలసిన అవసరమూ లేదు.

ఆ ఏడాది వానాకాలంలో ఒక మధ్యాహ్నం ముందు గదిలో పాట వింటున్నాను. మా ఇంటావిడ పెరట్లో కుళాయి దగ్గర పాచి మీద కాలు జారి పడింది. పక్కింటి అమ్మాయి గోడ మీదుగా చూసి, చుట్టు తిరిగి వచ్చి, నా భుజం తట్టి చెప్పేదాకా నాకు తెలియదు. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆసుపత్రిలో "నన్ను పిలవలేదా?" అని అడిగాను. "నాలుగుసార్లు పిలిచాను. పాటలో ఉన్నారు కదా అని ఊరుకున్నాను" అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. అంటే ఆ ఊరుకోవడం ఆ రోజు మొదలైంది కాదన్నమాట. ఎన్ని నెలలుగానో నేను పలకనని పిలవడమే మానేసింది. తప్పు ఆ యంత్రానిది కాదు. రొద తగ్గించమంటే తగ్గించింది, దాని డ్యూటీ అది చేసింది. మర్నాడే వెళ్ళి వినికిడి యంత్రాలకు కొలతలిచ్చి వచ్చాను. ఇదిగో, ఇప్పుడు రెండు చెవులకూ ఉన్నాయి, దగ్గరగా వచ్చి చూడవచ్చు.

ఇక సిఫారసులు. క్లుప్తంగా ముగిస్తాను.

మొదటిది. ఖరీదైన హెడ్‌ఫోను కొనే ముందు, లేదా మనవడు కొంటానన్నప్పుడు, ముందు వినికిడి పరీక్ష చేయించుకోండి. టి.వి. మోత పెంచుతున్నారని ఇంట్లో వాళ్ళు విసుక్కుంటుంటే వాళ్ళ మీద కోపగించకండి.

రెండవది. కొనేటప్పుడు కళ్ళజోడు పెట్టుకునే, అరగంట తలకు ఉంచుకుని చూడండి. అయిదు నిమిషాలకు ఏదైనా హాయిగానే ఉంటుంది. మన ఎండలకు తోలు మెత్తలకన్న గుడ్డ మెత్తలు మేలు. చెవి వెనుక యంత్రం ఉన్నవారు, దాని మీద ఒత్తకుండా చెవి మొత్తాన్ని చుట్టుకుని కూర్చునే పెద్ద రకం చూసుకోవాలి. యంత్రం కుయ్యిమని కూస్తోందేమో అక్కడే గమనించండి. సెల్‌ఫోను పాటను నేరుగా వినిపించే వినికిడి యంత్రాలు కూడా ఇప్పుడున్నాయి.

మూడవది మోతాదు. పెద్దలకు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు మించకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం పెట్టింది. పిల్లలకు 75 డెసిబెల్సే. ఇది మీ మనవలకు కూడా చెప్పండి. మన చెవులు వయసుతో పోయాయి, వాళ్ళవి వయసులోనే పోకూడదు.

నాలుగవది. ఇంట్లో ఇద్దరే ఉండేవారు, చెవిని పూర్తిగా మూసే రకం రైల్లోనో విమానంలోనో వాడుకోండి. ఇంట్లో వద్దు, రోడ్డు మీద అసలు వద్దు. వెనుక తెరిచి ఉండే రకం చాలు. పాతదున్నా పారేయకండి, మెత్తలు, తీగ మార్పిస్తే ఇంకా పాడుతుంది.

ఇప్పుడు నేను ఏది వాడుతున్నానని అడుగుతారేమో. హెచ్.డి. 650నే. యంత్రాలు పెట్టుకుని, దాని పెద్ద మెత్తల కింద ఇమిడేలా సర్దుకుంటే తాళం మళ్ళీ కొంత వినపడింది. పదేళ్ళనాటి చెవి రాలేదు, అబద్ధమెందుకు. కాని మావాడిదే గెలుపని ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. రాత్రిళ్ళు మా ఇంటావిడ కూడా పక్కన కుర్చీ వేసుకుంటుంది. అప్పుడు హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి, రేడియో పెడతాను. ఎందుకంటే ఒకే హెడ్‌ఫోనును ఇద్దరు పంచుకునే సౌకర్యం, మా మేనమామ డిస్పోజల్ సరుకు తర్వాత ఏ కంపెనీవాడూ పెట్టలేదు.

ఇప్పుడు ఆవిడ "ఏమండీ" అంటే మొదటి పిలుపుకే పలుకుతున్నాను. ఆవిడ ఆ వెనుక వరుసలోనే ఉంది, కావాలంటే విచారించుకోవచ్చు.